ఇంజిన్ గొంతులో మంచుగడ్డ

చిన్నప్పుడు మీరు పలక మీద అక్షరాలు దిద్దే ఉంటారు. రాసింది చెరిపేయాలంటే పలకను తడిపి తుడుస్తాం. తడి త్వరగా ఆరాలని పలకను గాలిలో అటూ ఇటూ ఊపుతాం. అలా ఊపిన పలకను ఎప్పుడైనా చెంపకు ఆనించి చూశారా? చల్లగా తగులుతుంది. మార్కాపురం పిల్లలకు ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసి ఉండాలి. దేశంలో ఎన్నో బళ్లకు పలకలు వెళ్లింది ఆ చుట్టుపక్కల గనుల నుంచే కదా!

పలక మీద మనం మంచుగడ్డ ఏదీ పెట్టలేదు. మరి ఆ చల్లదనం ఎక్కడి నుంచి వచ్చింది? ఇదే చల్లదనం ఆకాశంలో ఎగిరే ఒక చిన్న విమానం ఇంజిన్‌ను ఆపేయగలదంటే మీరు నమ్ముతారా? అదీ హిమాలయాల మీద కాదు. మనం పలుచని చొక్కా వేసుకొని హాయిగా తిరిగే వాతావరణంలోనే!

ఆ కథ ఏమిటో ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ తెలుసుకుందాం.

పలక నుంచి కుండకు

నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. పొయ్యి మీద పెడితే ఆ వేడిని మంట ఇస్తుంది. పొయ్యి లేకపోతే? నీరు తాను అంటుకొని ఉన్న వస్తువు నుంచీ, చుట్టూ ఉన్న గాలి నుంచీ వేడిని లాక్కుంటుంది. మామూలు వేడిలో ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. దీన్నే గుప్తోష్ణం అంటారని మీరు చదువుకున్నారు. పలక మీది తడి ఆరుతూ పలకలోని వేడిని పట్టుకుపోయింది. అందుకే పలక చల్లబడింది.

మే నెలలో గిద్దలూరులోనో కంభంలోనో ఎవరింటికి వెళ్లినా కుండలో నీళ్లు గొంతు జివ్వుమనేలా ఉంటాయి. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి చెమర్చి, వడగాలికి ఆవిరైపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. అదే కుండ ముసురు పట్టిన రోజున అంత బాగా పని చెయ్యదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి, కుండ మీది నీరు త్వరగా ఆరదు.

అంటే కుండ బాగా పని చెయ్యాలంటే పొడిగాలి కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి. కాసేపట్లో దీనికి సరిగ్గా ఎదురు తిరిగిన సంగతి ఒకటి చూడబోతున్నాం.

కార్బురేటర్ చేసే పని

పెట్రోలు ద్రవంగా ఉంటే ఇంజిన్‌లో సరిగా మండదు. దాన్ని సన్నని తుంపరగా చేసి, ఆవిరిగా మార్చి, గాలితో కలపాలి. ఆ పని చేసేది కార్బురేటర్. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చేదాకా చాలా మోటారు సైకిళ్లలో ఇదే ఉండేది. పాత బండి బాగుచేసే మెకానిక్ దగ్గర నిలబడితే దీన్ని విప్పి శుభ్రం చెయ్యడం మీరు చూడవచ్చు.

కార్బురేటర్ నడుమ ఒక గొట్టం ఉంటుంది. ఆ గొట్టం మధ్యలో సన్నబడుతుంది. దీన్ని మనం గొంతు అందాం. ఇంజిన్ గాలిని పీల్చినప్పుడు ఈ ఇరుకు గొంతులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. అందువల్ల పక్కనున్న సన్నని రంధ్రం గుండా పెట్రోలు పైకి వచ్చి తుంపరగా చిమ్ముతుంది. గొంతు దాటాక గుండ్రని లోహపు పలక ఒకటి ఇరుసు మీద తిరుగుతూ ఉంటుంది. దాని పేరు థ్రాటిల్. పైలట్ తన ముందున్న పిడిని లోపలికి తోస్తే ఈ పలక తెరుచుకొని గాలి ఎక్కువగా పోతుంది. వెనక్కి లాగితే పలక అడ్డంగా తిరిగి దారి ఇరుకవుతుంది.

చిన్న విమానాలు చాలా వాటిలో ఇప్పటికీ కార్బురేటర్లే ఉన్నాయి. లోకమంతటా ఎందరో పైలట్లు తొలి పాఠాలు నేర్చుకున్న సెస్నా 150 విమానానికి కాంటినెంటల్ కంపెనీ ఓ-200 ఇంజిన్ ఉంటుంది. దాని శక్తి 100 అశ్వబలాలు. మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారు చేసిన పుష్పక్ విమానం 1958లో మొదటిసారి ఎగిరింది. ఆ తరవాత మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరికో విద్య నేర్పింది. దాని 90 అశ్వబలాల ఇంజిన్ కూడా ఈ జాతిదే.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. గొంతులో పెట్రోలు కూడా పలక మీది నీరులాగే ఆవిరవుతుంది కదా! దానికీ వేడి కావాలి. ఒక కిలో పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్లు పడుతుంది. ఇంజిన్‌లో ఒక కిలో పెట్రోలుకు సుమారు 15 కిలోల గాలి కలుస్తుంది. ఒక కిలో గాలి ఒక డిగ్రీ చల్లబడితే సుమారు ఒక కిలోజౌల్ వేడి వదులుతుంది.

కాబట్టి 350ని 15తో భాగించండి. ఎంత వచ్చింది? సుమారు 23. అంటే పెట్రోలంతా అక్కడే ఆవిరైతే, ఆ వేడిని ఇచ్చిన గాలి దాదాపు 23 డిగ్రీలు చల్లబడాలి! ఇరుకు దారిలో పీడనం పడిపోవడం వల్ల మరికొంత చల్లబడుతుంది. విమాన శిక్షణ పుస్తకాల ప్రకారం ఈ తగ్గుదల ఒక్కొక్కప్పుడు 33 నుంచి 39 డిగ్రీల దాకా ఉండవచ్చు.

మీలో చురుకైనవారు ఒక సందేహం అడగవచ్చు: గాలిలోని నీటి ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడిని తిరిగి ఇస్తుంది కదా? నిజమే. అందువల్ల తడిగాలి మొత్తం మన లెక్కలో వచ్చినంత చల్లబడదు. కాని పెట్రోలుతో తడిసిన లోహపు పలక దగ్గర చల్లదనం మిగతా చోట్లకన్నా ఎక్కువగా ఉంటుంది. మంచు పట్టేది అక్కడే. గుండ్రని ఆ పలక అంచుల మీదా, గొంతు గోడల మీదా పొరలు పొరలుగా పేరుకుంటుంది. గాలి పోయే దారి సన్నబడుతుంది. మనకు గొంతు పూడుకుపోతే ఎలా ఉంటుందో, ఇంజిన్‌కూ అలాగే అవుతుంది.

మే నెలా? నవంబరు నెలా?

ఇప్పుడు మీకొక ప్రశ్న. మార్కాపురం మీదుగా కార్బురేటర్ ఉన్న విమానం ఒకటి వెళుతున్నది అనుకుందాం. మంచు భయం ఏ రోజున ఎక్కువ? మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలోనా? నవంబరులో వాన వెలిసిన తెల్లవారి 20 డిగ్రీల వేడిలోనా?

నవంబరులోనే అని మీరు సులభంగానే చెబుతారు. కాని కారణం చలి ఒక్కటే కాదు. గాలిలో నీరు ఎంత ఉన్నదో కూడా చూడాలి.

ఒక ఘనమీటరు గాలి 40 డిగ్రీల దగ్గర సుమారు 51 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు, 0 డిగ్రీల దగ్గర 5 గ్రాములు మాత్రమే పట్టుకోగలదు. గాలి ఎంత పట్టుకోగలదో, నిజంగా ఎంత పట్టుకొని ఉన్నదో చెప్పే నిష్పత్తే సాపేక్ష ఆర్ద్రత.

మే నెల మధ్యాహ్నం సాపేక్ష ఆర్ద్రత 20 శాతం అనుకుందాం. 51లో 20 శాతం అంటే సుమారు 10 గ్రాములు. ఈ గాలి 23 డిగ్రీలు చల్లబడి 17 డిగ్రీలకు వచ్చింది. ఆ వేడి దగ్గర గాలి 14 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. ఉన్నవి 10 గ్రాములే. కాబట్టి ఒక్క చుక్క నీరు కూడా బయటపడదు! పోనీ, 35 డిగ్రీలు చల్లబడినా వేడి 5 డిగ్రీల దగ్గర ఆగుతుంది. తడి రావచ్చుగాని మంచు రాదు.

ఇక నవంబరు ఉదయం. ఈశాన్య రుతుపవనాల వాన రాత్రంతా కురిసి ఆగింది. వేడి 20 డిగ్రీలు, ఆర్ద్రత 80 శాతం. అంటే ఘనమీటరు గాలిలో 14 గ్రాముల దాకా నీరున్నది. థ్రాటిల్ పలకకు తగిలి 0 డిగ్రీలకు దిగిన గాలి పొర 5 గ్రాములే ఉంచుకోగలదు. మిగతా 9 గ్రాములూ ఎక్కడికి పోవాలి? చల్లని లోహం మీదికే! సెస్నా 150 ఇంజిన్ థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు నిమిషానికి మూడు ఘనమీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. ఆ గాలిలోని నీటిలో చిన్న వంతు అంటుకున్నా చాలు.

కుండ సంగతి గుర్తున్నదా? కుండ మీద ఆవిరయ్యేది నీరు. గాలిలో నీరు నిండి ఉంటే అది ఆరదు. కార్బురేటర్‌లో ఆవిరయ్యేది పెట్రోలు. గాలిలో నీరెంత ఉన్నా పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. అందుకే కుండకు పొడిగాలి నచ్చితే, కార్బురేటర్ మంచుకు తడిగాలి నచ్చుతుంది.

బయటి వేడి 21 డిగ్రీలకన్నా తక్కువగా, ఆర్ద్రత 80 శాతంకన్నా ఎక్కువగా ఉన్నప్పుడు ఈ మంచు పట్టే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ. అయితే గాలిలో తేమ 50 శాతం ఉంటే, 38 డిగ్రీల వేడిలో కూడా ఇది సాధ్యమేనని శిక్షణ పుస్తకాలు హెచ్చరిస్తున్నాయి. కాబట్టి వేసవి కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

దొనకొండ నుంచి ఒక ఊహాప్రయాణం

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు దారిలో, మార్కాపురం రోడ్డుకు ముందు దొనకొండ స్టేషన్ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ ఒక విమానాశ్రయం ఉండేది. తరవాత అది మూలపడింది. మన ఊహకు మాత్రం అడ్డేముంది? ఆ విమానాశ్రయం నేడు పని చేస్తున్నదనీ, మీరు అక్కడ విమానం నడపడం నేర్చుకుంటున్నారనీ అనుకుందాం. మన దేశంలో 16 ఏళ్లు నిండితే విద్యార్థి పైలట్ లైసెన్సుకు అర్హత వస్తుంది. కాబట్టి ఈ ఊహ మీకు మరీ దూరమేమీ కాదు.

నవంబరు ఉదయం. మీరు ఒంటరిగా బయలుదేరారు. కింద రైలు పట్టాలు దారి చూపుతున్నాయి. మార్కాపురం దాటారు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు పొగమంచులో తెల్లగా మెరుస్తున్నది. అవతల గిద్దలూరు. ఆ వెనుక నల్లని గోడలా నల్లమల.

చెరువును కాస్త దగ్గరగా చూద్దామని మీరు థ్రాటిల్ కొంచెం లాగి కిందికి దిగారు. లోపల పలక అడ్డంగా తిరిగింది. దారి ఇరుకైంది. మంచుకు కావలసిందీ అదే!

తిరిగి సమంగా ఎగరసాగారు. ప్రొపెల్లర్ నిమిషానికి 2,400 చుట్లు తిరగాలి. మీటరు 2,300 చూపుతున్నది. 'చెయ్యి కదిలిందేమో' అనుకొని పిడిని కొంచెం ముందుకు తోశారు. మళ్లీ 2,400 వచ్చింది. మీరు ఆ సంగతి మరిచిపోయారు. ఇదే మొదటి పొరపాటు. ఇంజిన్ చెప్పబోయిన మాట మీరు విననే లేదు!

ఐదు నిమిషాలకు చుట్లు 2,250కి పడిపోయాయి. ఇంజిన్ గరగరమంటున్నది. విమానం వణుకుతున్నది. పెట్రోలు చూశారు, నిండుగా ఉన్నది. నూనె పీడనం బాగానే ఉన్నది. ఆకాశం నిర్మలంగా ఉన్నది. చెమట పట్టే వేడిలో మంచు అనే ఆలోచన ఎవరికి వస్తుంది? కొత్త పైలట్‌కు ప్రమాదం ఇక్కడే ఉన్నది. నల్లమల అడవి మీద ఇంజిన్ ఆగితే దిగడానికి చదునైన నేల దొరకడం కష్టం.

మందు తాగితే దగ్గు పెరిగింది!

ఈ జబ్బుకు మందు విమానంలోనే ఉంటుంది. పైలట్ ముందు కార్బురేటర్ హీట్ అనే పిడి ఒకటి ఉంటుంది. దాన్ని లాగితే, బయటి చల్లగాలి దారి మూసుకుపోతుంది. పొగగొట్టం చుట్టూ తిరిగి వేడెక్కిన గాలి కార్బురేటర్‌లోకి వస్తుంది. ఆ వేడికి మంచు కరుగుతుంది. ఏర్పాటు ఇంత సులువైనదే.

మీకు పాఠం గుర్తుకు వచ్చి ఆ పిడిని పూర్తిగా లాగారు. ఏం జరిగింది? ఇంజిన్ బాగుపడిందా? లేదు! చుట్లు 2,100కి పడిపోయాయి. ఇంజిన్ మునుపటికన్నా గట్టిగా దగ్గుతున్నది. భయపడి పిడిని మళ్లీ లోపలికి తోసేస్తారా?

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వేడిగాలి పలుచగా ఉంటుంది. ఒక్కొక్క గుక్కలో ఇంజిన్‌కు అందే గాలి తగ్గుతుంది. పెట్రోలు మాత్రం తగ్గలేదు. అందువల్ల ఇంజిన్ శక్తి కొంత తగ్గడం సహజమే. దానికి తోడు కరిగిన మంచు నీరై ఇంజిన్‌లోకే పోతున్నది. నీళ్లు మింగుతున్న ఇంజిన్ దగ్గక ఏం చేస్తుంది? అంటే, ఆ దగ్గు మందు పని చేస్తున్నదనడానికి గుర్తు!

మీరు పిడిని లోపలికి తోస్తే కరగబోయిన మంచు కరగకుండా ఆగిపోతుంది. కొత్త మంచు దానికి తోడవుతుంది. పిడిని అలాగే ఉంచితే, అర నిమిషంలోనో, కొన్ని నిమిషాల్లోనో దగ్గు సర్దుకుంటుంది. చుట్లు మెల్లగా పెరుగుతాయి. మంచంతా కరిగిందని నమ్మకం కుదిరాక పిడిని లోపలికి తోస్తే, ఇంజిన్ పూర్వపు శక్తితో పని చేస్తుంది.

ఇంకొక మాట. ఈ వేడి ఇంజిన్ పొగ నుంచే రావాలి. ఇంజిన్ పూర్తిగా ఆగిపోయాక పొగగొట్టం కాసేపటికే చల్లారిపోతుంది. అప్పుడు పిడి లాగినా లాభం ఉండదు. అందుకే కొత్త పైలట్లకు మూడు సంగతులు మళ్లీ మళ్లీ నేర్పుతారు. చుట్లు కారణం లేకుండా తగ్గితే మంచును అనుమానించాలి. పిడిని సగం కాకుండా పూర్తిగా లాగాలి. ఇంజిన్ దగ్గినా ఓపిక పట్టాలి. చాలా విమానాల్లో దిగడానికి థ్రాటిల్ తగ్గించే ముందే ఈ పిడిని లాగమంటారు. ఏ విమానానికి ఏది సరైన పద్ధతో దాని చేతిపుస్తకంలో రాసి ఉంటుంది.

మరి ఈ పిడిని ఎప్పుడూ లాగే ఉంచవచ్చు కదా? అలా చేస్తే ఇంజిన్ శక్తి ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. పైగా ఈ వేడిగాలి వడపోత గుండా రాదు. నేల మీద లాగి ఉంచితే దుమ్మంతా ఇంజిన్‌లోకి పోతుంది. మార్కాపురం దుమ్ము ఎలా ఉంటుందో అక్కడి పిల్లలకు వేరే చెప్పాలా?

లిండ్‌బర్గ్‌కు దొరికిన హెచ్చరిక

ఈ మంచు అనుభవజ్ఞులనూ వదలలేదు. అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు మీరు వినే ఉంటారు. ఆ ప్రయాణానికి పది రోజుల ముందు, 1927 మే 10 రాత్రి, ఆయన శాండియాగో నుంచి సెయింట్ లూయీకి ఎగురుతున్నాడు. చీకట్లో, కొండల మీద ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టింది. విమానం కిందికి జారసాగింది. కొంతసేపటికి ఇంజిన్ సర్దుకున్నది. ఆయన క్షేమంగా గమ్యం చేరాడు. కారణం కార్బురేటర్ మంచేనని అనుమానించి, న్యూయార్క్ చేరాక గాలిని వేడి చేసే ఏర్పాటు ఒకటి ఇంజిన్‌కు పెట్టించాడు. మే 20న బయలుదేరి, సుమారు ముప్ఫై మూడున్నర గంటల్లో పారిస్ చేరాడు. ఒక చిన్న దగ్గును ఆయన తేలిగ్గా తీసుకోలేదు. లోకమంతా మెచ్చుకున్న ఆ సాహసం వెనుక ఇలాంటి జాగ్రత్త కూడా ఉన్నది.

ఈ మంచుకు ఒక దొంగ గుణం ఉన్నది. విమానం కూలిపోతే, పరీక్షించేవారు వచ్చేసరికి మంచు కరిగి మాయమై ఉంటుంది. ఇంజిన్‌లో ఏ లోపమూ కనిపించదు. అప్పటి గాలి వేడి, తేమ లెక్క చూసి, మంచు కారణమై ఉండవచ్చునని ఊహించవలసి వస్తుంది. ఇంధనాన్ని సిలిండర్ల దగ్గరే చిమ్మే కొత్త ఇంజిన్లలో కార్బురేటర్ లేదు కాబట్టి ఈ రకం మంచు బెడద లేదు. కాని కార్బురేటర్ ఉన్న పాత విమానాలు ఎగురుతున్నంత కాలం ఈ పాఠం అవసరమే.

మీరే చేసి చూడండి

పెట్రోలుతో ప్రయోగాలు ఎన్నడూ చెయ్యకండి. అది అగ్గితో చెలగాటం. ఈ రెండూ చేస్తే చాలు.

1. ఒక చేతి మీద నాలుగు చుక్కల నీళ్లు, రెండో చేతి మీద నాలుగు చుక్కల శానిటైజరు రాసుకొని నోటితో ఊదండి. ఏ చెయ్యి ఎక్కువ చల్లగా ఉన్నది? ఏది ముందుగా ఆరింది? దగ్గరలో దీపం గాని, పొయ్యి గాని లేకుండా చూసుకోండి.

2. ఒక స్టీలు గ్లాసును పొడిగా తుడిచి, అందులో మంచుముక్కలు చితక్కొట్టి వేయండి. రెండు చెంచాల ఉప్పు వేసి కలపండి. పది నిమిషాల తరవాత గ్లాసు వెలుపల ఏం పట్టిందో చూడండి. ఇదే ప్రయోగం మే నెల మధ్యాహ్నం ఒకసారి, వానాకాలంలో ఒకసారి చేసి, తేడా రాసుకోండి.

ఆలోచించి చెప్పండి

1. వేడి 30 డిగ్రీలు, ఆర్ద్రత 70 శాతం. ఆ వేడి దగ్గర ఘనమీటరు గాలి 30 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. గాలి 0 డిగ్రీలకు చల్లబడితే ఘనమీటరుకు ఎన్ని గ్రాముల నీరు విడిపోతుంది?

2. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉన్నప్పటికన్నా, కొంచెమే తెరిచి ఉన్నప్పుడు మంచు భయం ఎక్కువ. ఎందుకు?

3. కార్బురేటర్ హీట్ లాగారు. చుట్లు తగ్గాయి. ఇంజిన్ దగ్గలేదు. తరవాత చుట్లు పెరగనూ లేదు. కార్బురేటర్‌లో మంచు ఉన్నట్టా, లేనట్టా?